ఒంటిచేతి ఆటకు తొమ్మిది మార్కులు

మా అక్క లెంపి మంగళవారం పొద్దున పదింటికి ఫోన్ చేసి, పలకరింపయినా లేకుండా అడిగింది.

"ఒరేయ్ ఆర్విడ్, ఆ ఆటలో నువ్వు ఎన్ని దీపాలు వెలిగించావురా?"

"పదమూడూ వెలిగించాను. ఎందుకక్కా?"

"ఎన్ని చేతుల్తో?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే పెట్టేసింది. డెబ్బై నాలుగేళ్ల మా అక్క ఫోన్ పెట్టేస్తే తలుపు వేసినట్టుండదు, గొళ్లెం పెట్టినట్టుంటుంది. నేను కోటు తొడుక్కుని, సరస్సు మీదినుంచి వచ్చే గాలికి ఎదురుగా కొండ దిగి వాళ్లింటికి వెళ్లాను.

మా అక్కకు కుడి మణికట్టుకు కింద చెయ్యి లేదు. నలభై ఒక్క సంవత్సరాల క్రితం కాగితపు మిల్లులో రోలర్ల మధ్య పోయింది. అటు తరువాత ఆమె ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది, బంగాళాదుంపలు చెక్కడం నేర్చుకుంది, చలికాలానికి కట్టెలు కూడా తానే కొట్టుకుంటుంది. చెయ్యనిది ఒక్కటే: ఎవరి సహాయమైనా ఒప్పుకోవడం. అటువంటి మనిషిని వీడియో ఆటలు ఆడమని ప్రోత్సహించినవాణ్ని నేను. సెప్టెంబరులో వచ్చిన "పదమూడో దీపం" ఆమె ఆడిన మొట్టమొదటి ఆట. దానిలో ఒంటిచేత్తో ఆడే విధానం ఉంది. ఆ విధానాన్ని మెచ్చుకుంటూ నేను మా పత్రికలో సమీక్ష రాశాను. పదికి తొమ్మిది మార్కులు వేశాను. అక్క ఆ సమీక్షను కాగితం మీద అచ్చు తీయించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది.

ఆ రోజు వెళ్లేసరికి ఆ కాగితం ఫ్రిజ్ మీద లేదు. వంటింటి బల్ల మీద, ఆమె కాఫీ కప్పు కింద ఉంది. కప్పు అడుగు నా పేరు మీద గుండ్రంగా మరక వేసింది. ఏలకుల రొట్టె కోసి ఉంది గాని బల్ల మీద రెండో కప్పు లేదు. మా ఫిన్నిష్ కుటుంబాలలో ఇంటికి వచ్చినవాడికి కాఫీ పొయ్యకపోవడం చెంపదెబ్బతో సమానం.

"కూర్చో," అంది ఆట ఆడే కంట్రోలర్ నా ఒళ్లో పడేసి. "కుడిచెయ్యి తొడ కింద పెట్టుకో. ఊఁ, పెట్టుకోరా. బరువుగా కూర్చో దాని మీద. ఇప్పుడు వెలిగించు."

తెర మీద తుపాను. ఆ ఆటలో కథానాయిక మారెన్ ఒక పడవలో బయలుదేరి, తండ్రి చనిపోయాక ఆరిపోయిన దీపస్తంభాలను ఒక్కొక్కటిగా వెలిగిస్తూ పోతుంది. ప్రతి స్తంభం దగ్గరా రెండు పనులుంటాయి. పడవ కొట్టుకుపోకుండా తాడు పట్టుకోవాలి. దీపం కింది చక్రం తిప్పాలి. మామూలుగా ఆడేవాడు ఎడమచేత్తో తాడు, కుడిచేత్తో చక్రం చూసుకుంటాడు. ఒంటిచేతి విధానంలో తాడు బటన్ ఒకసారి నొక్కితే చాలు, మారెన్ దానిని నడుముకు చుట్టేసుకుంటుంది. అప్పుడు అదే చేత్తో చక్రం తిప్పుకోవచ్చు. అందమైన ఆలోచన. పన్నెండు స్తంభాల దగ్గర అది చక్కగా పనిచేస్తుంది.

పదమూడో స్తంభం దగ్గర నేను ఎడమ బొటనవేలితో తాడు నొక్కాను. మారెన్ నడుముకు చుట్టుకుంది. చక్రం వైపు వేలు జరిపాను. అల వచ్చింది, ముడి ఊడిపోయింది, పడవ రాళ్లకు కొట్టుకుంది. మళ్లీ నొక్కాను. మళ్లీ ఊడింది. ఆ తుపానులో ప్రతి అలకూ తాడు వదిలి పట్టాలి, వదిలి పట్టాలి, ఆ సమయంలోనే చక్రమూ తిరుగుతూ ఉండాలి. ఏడుసార్లు మునిగాను.

అప్పుడు నేనన్న మాట తలచుకుంటే ఈనాటికీ సిగ్గు కలుగుతుంది.

"నువ్వు సెట్టింగ్ ఏదైనా మార్చావేమో చూశావా, అక్కా?"

"అదీ! ఆ మాట కోసమే చూస్తున్నా," అంది ఆమె. "ముందు నా మీద అనుమానం. ఆ తర్వాత ఆట మీద. నీ కాగితం మీద మాత్రం రాదు కదరా అనుమానం? ముప్పై ఏళ్లు ఊళ్లో కొట్లవాళ్లందర్నీ అనుమానించావు!"

"అది కాదక్కా..."

"బట్టల క్లిప్పు పెట్టి చూశాను. మోకాలితో నొక్కి చూశాను. గడ్డంతో కూడా నొక్కానురా! కాఫీ ఒలికింది గాని దీపం వెలగలేదు. తొమ్మిది రోజుల్నుంచి మునుగుతున్నాను. నేనే ముసలిదాన్నయిపోయాననుకున్నాను. నా వేళ్లే మొద్దుబారాయనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలుసా?" కప్పు ఎత్తి కాగితం నా ముందుకు తోసింది. "చదువు. పైకి చదువు."

చదివాను. "ఒంటిచేతి విధానం మొదటి నుంచి చివరిదాకా ఏ లోపమూ లేకుండా పనిచేస్తుంది."

"చివరిదాకా," అంది అక్క. "నువ్వు రాశావు గనక తప్పు నాదే అనుకున్నా."

"పోనీ, తాడు నేను పట్టుకుంటాను. చక్రం నువ్వు తిప్పు. రెండు నిమిషాల పని."

ఆమె వెంటనే అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"అరవై ఒక్క గంటలురా," అంది మెల్లగా. "గంటలు ఆటే చూపిస్తుంది, అబద్ధం కాదు. చెయ్యి పోయిన రోజు నుంచి ఈ ఊళ్లో ప్రతి వెధవా నా కోసం తలుపు తెరుస్తాడు, నా సంచి మోస్తాడు, నా మాంసం ముక్కలు కోసి పెడతాడు. ఈ ఆటలో నన్నెవరూ చూళ్లేదు. నేను మారెన్నే. పన్నెండు వెలిగించాను. ఇప్పుడు పదమూడో దానికి నువ్వొచ్చి తాడు పట్టుకుంటావా? లే. లేచి వెళ్లు. నాకు ఆ దీపం నా చేత్తో వెలగాలి. వెలుగుతుందని రాసినవాడివి నువ్వు, వెలిగే ఏర్పాటు చెయ్యి."

రొట్టె ముక్క కూడా తినకుండా బయటికి వచ్చాను.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. పెట్రోలు బంకులు, కిరాణా కాటాలు, లారీలు తూచే వేబ్రిడ్జీలు పరీక్షించడం నా పని. మా శాఖలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం ఒకటుంది. కాటాను తేలిక బరువుతో మాత్రమే పరీక్షించి ముద్ర వేయకూడదు. అర పౌను దగ్గర నిజం చెప్పే కాటా ముప్పై పౌన్ల దగ్గర అబద్ధం చెప్పవచ్చు. ఖాళీగా ఒకసారి, సగం బరువుతో ఒకసారి, పూర్తి బరువుతో ఒకసారి, ఆపైన పళ్లెం నాలుగు మూలలా ఒక్కొక్కసారి చూడాలి. ఈ నియమం తప్పిన ఒక కుర్ర ఇన్‌స్పెక్టరును నేనే స్వయంగా ఉద్యోగంలోంచి తీసివేయించాను.

పదవీ విరమణ తరువాత ఆటల సమీక్షలు మొదలుపెట్టింది ఈ స్వభావం వల్లనే. ఆ లోకంలో కొలబద్ద వంకరగా ఉందని నాకు తోచింది. పదికి పది అంటారు గాని, కొలత ఏడు దగ్గర మొదలవుతుంది. ఏడంటే బాగాలేదని అర్థం, ఆరంటే తిట్టు, ఐదు ఇస్తే కంపెనీవాళ్లు ఫోన్ చేసి, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. మధ్యరకం ఆటకు నేను ఐదు వేసేవాణ్ని. పదికి సగం ఐదే గనుక. కోటలు కట్టే ఒక ఆటను అందరూ ఆకాశానికెత్తినప్పుడు, దానిలో ఎక్కడ గోడ కట్టినా శత్రువు ఒకే దారిన వస్తాడని నలభై సార్లు ఆడి నిరూపించి ఐదు వేశాను. బొమ్మలు అధ్వాన్నంగా ఉన్నాయని అందరూ నవ్విన ఒక చేపలు పట్టే ఆటలో గాలం బరువు ఎంత నిజంగా ఉందో చూపించి ఎనిమిది వేశాను. పాఠకులు నాకు "ఐదు మార్కుల ఆర్విడ్" అని పేరు పెట్టారు. ఆ పేరును నేను లోలోపల పతకంలా మోశాను.

"పదమూడో దీపం" నాకు విడుదలకు ఆరు రోజుల ముందు వచ్చింది. ఈ వృత్తిలో అదొక ఆచారం. కంపెనీ ఆటను ముందుగా పంపుతుంది, దానితో పాటు "సమీక్షకులు గమనించదగిన అంశాలు" అని నాలుగు పేజీల కాగితం కూడా పంపుతుంది. ఫలానా రోజు ఉదయం తొమ్మిదింటికి ముందు ఎవరూ నోరు విప్పకూడదు. తొమ్మిది కొట్టగానే అందరూ ఒకేసారి విప్పుతారు. ముప్పై గంటల ఆటను ఆరు రోజుల్లో పూర్తి చేసి, పన్నెండు వందల మాటలు రాయాలి. నేను రెండు చేతులతో ఆట మొత్తం పూర్తి చేశాను. నీళ్ల మీద వెలుగు పడే తీరును మెచ్చుకున్నాను. తాడు బిగిసినప్పుడు కంట్రోలర్ అరచేతిలో కలిగించే కంపనం అలను బట్టి మారుతుందని రాశాను. పటం దండగ అని రాశాను. ముసలి నావికుడు చెప్పిన మాటే ఆరుసార్లు చెబుతాడని, రచయితలకు అతని మీద ప్రేమ ఉంటే నోరు మూయించి ఉండవలసిందని రాశాను. అవన్నీ నేను కొలిచినవే.

ఒంటిచేతి విధానాన్ని మాత్రం మొదటి మూడు స్తంభాల దగ్గర ప్రయత్నించాను. బ్రహ్మాండంగా ఉంది. మా అక్క మనసులో మెదిలింది. సంతోషం పట్టలేకపోయాను. ఆ వాక్యం రాశాను. అర పౌను బరువు పెట్టి, ముప్పై పౌన్లకు ముద్ర వేశాను.

ఇంటికి వెళ్లగానే మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డతో కుడిచేతిని బెల్టుకు కట్టుకున్నాను. ఒక మనిషి అనుభవం ఋజువు కాదు, అది మా అక్కదైనా సరే. ఇద్దరిదైతే ఋజువుకు మొదలు. నా ఆటలో పదమూడో స్తంభం తెరిచి, ఎన్నిసార్లు మునిగానో కాగితం మీద గీతలు పెట్టాను. నలభై ఒకటో గీత దగ్గర ఆపాను. నా చేతకానితనం కావచ్చునని, గుడ్డ విప్పి మామూలు విధానంలో రెండు చేతులతో ఆడాను. మొదటిసారే దీపం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

తరువాత ఇతరుల సమీక్షలు తెరిచాను. ఒంటిచేతి విధానాన్ని పొగిడినవారు ఇరవై ఏడుగురు. వారిలో పదకొండు మంది "మొదటి నుంచి చివరిదాకా" అనే మాట అదే వరుసలో వాడారు. ఒకే తప్పు పదకొండు కాగితాల్లో కనిపిస్తే పరీక్ష గదిలో ఉపాధ్యాయుడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను: అందరూ కాపీ కొట్టిన ఆ మొదటి కాగితం కోసం వెతికాను. సొరుగులో దొరికింది. కంపెనీ పంపిన నాలుగు పేజీల్లో మూడో పేజీ, రెండో అంశం. "మొదటి నుంచి చివరిదాకా ఒంటిచేత్తో ఆడదగినది." ఆ మాట నాదే అనుకున్నాను. నాది కాదు. పన్నెండో కాపీ నాదే.

బుధవారం ఉదయం మా సంపాదకురాలి దగ్గరికి వెళ్లాను. కర్స్టెన్ ఓడెగార్డ్‌కు నలభై ఆరేళ్లుంటాయి. ఊళ్లో దినపత్రిక మూతపడ్డాక, గాలాలూ ఎరలూ అమ్మే కొట్టు మీది గదిలో ఈ ఆటల పత్రిక పెట్టింది. ఆమె నా కాగితాలన్నీ చదివింది, నలభై ఒక్క గీతలతో సహా.

"సవరణ వేద్దాం ఆర్విడ్ గారూ. కింద, చిన్నగా, ఎప్పుడూ వేసినట్టే," అంది.

"పైన వెయ్యి. మార్కు మార్చు."

"మార్కు మార్చకూడదు."

"ఎవరన్నారు?"

"మీరే," అంది. గోడకు తగిలించిన కాగితం చూపించింది. అక్షరాలు నావే. "ప్రచురించిన మార్కు ఏ కారణం చేతా మారదు." నాలుగేళ్ల క్రితం ఒక కంపెనీ ఆరును ఎనిమిది చెయ్యమని ఒత్తిడి తెచ్చినప్పుడు నేనే కూర్చుని ఆ నియమం రాశాను. "ఇవాళ మీరు తగ్గిస్తే, రేపు ఇంకెవడో పెంచమంటాడు. ఈ మాట కూడా మీదే. అప్పుడు మీరు బల్ల గుద్ది మరీ చెప్పారు. ఇదిగో, కాఫీ మరక ఇంకా ఉంది."

"ఈ వారం నా రాతల మీద మరకలు పడటానికి కాఫీ చాలడం లేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. "ముందు కంపెనీతో మాట్లాడండి. వాళ్లు బాగుచేస్తామంటే మీ అక్కగారి సమస్య తీరిపోతుంది. ఆమెకు కావలసింది మీ మార్కు కాదు కదా, దీపం."

అది సబబుగా ఉంది. అక్కడి నుంచే మాట్లాడాం. తెర మీద కంపెనీ ప్రతినిధి కనిపించాడు. డెవ్లిన్ ప్రాస్ అని పేరు, పళ్లు తెల్లగా, మాట తీయగా ఉన్నాయి.

"ఆర్విడ్ కోస్కెలా గారూ! మీ సమీక్ష అంటే మా ఆఫీసంతటికీ ఎంత ఇష్టమో! ఐదు మార్కుల ఆర్విడ్ తొమ్మిది వేశాడని ఆ రోజు కేకు కోశాం సార్."

నేను లోపం చెప్పాను. తాడు, అల, ముడి, నలభై ఒక్కసార్లు.

"అర్థమైంది సార్. కాని చూడండి, ఆ విధానం వాడేవాళ్లు వెయ్యికి నలుగురు. వాళ్లలో చివరిదాకా వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. మా లెక్క ప్రకారం చాలామంది పదమూడో దీపం దగ్గర విసుగొచ్చి మానేస్తున్నారు."

"విసుగొచ్చి అని మీకెలా తెలుసు?"

"మానేశారు కదా సార్."

"తలుపుకు బయట గొళ్లెం పెట్టి, లోపలివాడు బయటికి రాలేదు గనక వాడికి షికారు ఇష్టం లేదంటారా?"

కర్స్టెన్ నా మోకాలు తట్టింది. డెవ్లిన్ చిరునవ్వు చెరగలేదు.

"శుక్రవారం మా చివరి అప్‌డేట్ వెళ్లిపోతోంది సార్. తర్వాత మా వాళ్లందరూ కొత్త ఆట పనిలోకి వెళతారు. ఇప్పుడు ఇది పెట్టడం కష్టం. నిజానికి ఈ సంగతి అక్టోబరులోనే ఒకసారి వచ్చింది. మా పరీక్షకుల్లో ఒకమ్మాయి రాసింది, పదమూడోది ఒంటిచేత్తో కావడం లేదని."

"మరి?"

మొదటిసారి అతను కొంచెం తటపటాయించాడు. "ఫిర్యాదు మూసేశాం సార్. బయటివాళ్లు చూసి సరిగ్గా ఉందన్నారు కదా అని. ఏది చూసి మూశామో పక్కన రాయాలి, అది మా పద్ధతి. రాశాం కూడా."

"ఏం రాశారు?"

"మీ సమీక్షే సార్. మిగతావాళ్లు పొగుడుతారు గాని, మీరు నలభైసార్లు ఆడి గాని రాయరని మాకు తెలుసు. ఐదు మార్కుల ఆర్విడే ఒప్పుకున్నాడంటే ఇంక..."

అతను ఇంకేమి చెప్పాడో నేను వినలేదు. వాళ్ల కాగితంలోని అబద్ధం నా చేతి మీదుగా ముద్ర వేయించుకుని, నిజమై వాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లింది. సరిగ్గా కొలిచిన ఒకే ఒక్క అమ్మాయిని నా పేరు చూపించి నోరు మూయించారు. నేను ఉద్యోగంలోంచి తీయించిన ఆ కుర్ర ఇన్‌స్పెక్టరు ముఖం గుర్తుకు వచ్చింది. వాడి కాటా వల్ల జనం నష్టపోయింది కాసింత బంగాళాదుంపల తూకం.

తెర ఆరిపోయాక కర్స్టెన్ అంది: "ఇంత కోపంలో రాయకండి. ఒక రోజు ఆగండి."

"శుక్రవారం దాటితే ఆ దీపం ఎప్పటికీ వెలగదు. ఆగే తీరిక లేదు," అన్నాను. "మార్కు మార్చవద్దులే. నియమం నాదే, ఉండనీ. తప్పుడు కాటా దొరికితే మేము దాని అంకెలు దిద్దేవాళ్లం కాదు. ఎర్రచీటీ కట్టి బల్ల మీంచి దింపించేవాళ్లం. తొమ్మిదిని తీసెయ్యి. ఆ చోట ఎర్రచీటీ పెట్టు. ఆటకు కాదు, నా సమీక్షకు."

ఆమె గోడ మీది కాగితాన్ని మళ్లీ చదివింది. "మార్చకూడదని ఉంది గాని, తీసెయ్యకూడదని లేదు," అంది చివరికి. "రాయండి. కాని ఆ పన్నెండు మంది పేర్లూ రాస్తానంటే ఒప్పుకోను."

"పదకొండు మంది పేర్లు అక్కర్లేదు. పన్నెండో వాడిది చాలు."

గురువారం మధ్యాహ్నం అది వెలువడింది. నా సమీక్షనే నేను సమీక్షించాను. దాని సుగుణాలు: నీళ్లను, తాడును, ముసలి నావికుణ్ని గురించి చెప్పినవి నిజం. దాని లోపం: ఒక వాక్యం. మూడు స్తంభాలు చూసి పదమూడింటికి రాసిన వాక్యం, అమ్మేవాడి కాగితంలోంచి కొనేవాడి చెవికి చేరిన వాక్యం. ఆ వాక్యం ఏ పరీక్షను ఆపేసిందో రాశాను. ఎలా పరీక్షించాలో, అల వారీగా రాశాను. ఎవరైనా కుడిచెయ్యి కట్టుకుని చూడవచ్చునన్నాను.

చూశారు. సాయంత్రానికి వందలమంది చేతులు కట్టుకుని మునుగుతూ వీడియోలు పెట్టారు. తోటి సమీక్షకులు కొందరు తమ సవరణలు వేశారు. చికాగో నుంచి ఒకడు మాత్రం ఫోన్ చేసి, "నువ్వు నీతిమంతుడివని చూపించుకోడానికి మా అందర్నీ గంగలో ముంచావు కదయ్యా పెద్దాయనా," అన్నాడు. "మునగడం ఎలా ఉంటుందో కొంచెం తెలిసింది కదా, ఎడమచేత్తో ఈదండి," అన్నాను. నాకు పశ్చాత్తాపం లేదు.

శుక్రవారం రావలసిన అప్‌డేట్ ఆగింది. ఆరు రోజుల తరువాత వచ్చింది. కంపెనీ పెద్ద ప్రకటనే చేసింది: మా ఆటగాళ్ల మాట విన్నాం, పదమూడో దీపం ఇప్పుడు అందరిదీ అని. నేను ఆ ప్రకటన చివరిదాకా చదవకుండానే అక్క ఇంటికి పరుగెత్తాను. నలభై ఒక్క మునకల తరువాత కూడా మనిషికి బుద్ధి రాదనడానికి అదొక నిదర్శనం.

ఈసారి బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఆమె ఎడమచేత్తో నాకు కాఫీ పోసింది. పక్కనే రొట్టె.

"నీది చదివాను," అంది. "బాగానే ఏడ్చావు. కూర్చో. చూద్దాం."

తుపాను మొదలైంది. మారెన్ పడవ దిగింది. అక్క తాడు నొక్కింది. అల వచ్చింది, ముడి ఊడింది. వెనకటిలాగే. కాని ఈసారి పడవ రాళ్లకు కొట్టుకోకముందే తుపాను నిలిచిపోయింది. తెర మధ్య ఒక పలక తేలింది. దాని మీద ఇలా రాసి ఉంది: "ఈ ఘట్టం కష్టంగా ఉందా? ఒక్క బటన్ నొక్కండి. మీ బదులు దీపం మేము వెలిగిస్తాం."

తాడు ముడిని సరిచేయడం వాళ్లకు పెద్ద పని కాదు. పన్నెండు చోట్ల చేసిన పనే. అది చేయలేదు. ఊళ్లోవాళ్లలాగే తలుపు తెరిచి పట్టుకోవడం నేర్చుకున్నారు.

అక్క బొటనవేలు ఆ బటన్ మీదనే ఉంది. నొక్కితే అయిపోతుంది. తెల్లని వెలుగు సముద్రం మీద పరుచుకుంటుంది, చివరి పాట వస్తుంది, నేను చూశాను గనుక నాకు తెలుసు. అది చాలా అందమైన ముగింపు. దానికోసమే నేను తొమ్మిది వేశాను.

"మీ బదులు," అని చదివింది ఆమె పైకి. "మేము." మరోసారి చదివింది. "వీళ్లెవర్రా నా బదులు?"

"అక్కా, మళ్లీ రాస్తాను. వాళ్లు..."

"నువ్వు నోరు మూసుకో. నేను దీంతో మాట్లాడుతున్నా." తెరవైపు వంగింది. మిల్లులో చెయ్యి పోయిన తరువాత, నష్టపరిహారం కాగితం మీద ఫోర్‌మన్ ఆమె బదులు సంతకం పెట్టబోయినప్పుడు ఆమె ఇలాగే వంగిందని మా అమ్మ చెప్పేది. "ఒంటిచేత్తో పన్నెండు వెలిగించినదాన్ని. నా బదులు నువ్వా? నువ్వు కట్టిన ముడి ఊడితే నా చెయ్యి తక్కువైందా?"

వేలు బటన్ మీంచి తీసింది. కంట్రోలర్‌ను విసిరికొట్టలేదు. జాగ్రత్తగా బల్ల మీద, రొట్టె పక్కన పెట్టింది. లేచి వెళ్లి, గోడ దగ్గర ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది. కిటికీలోంచి సరస్సు కనిపిస్తోంది, బూడిదరంగులో, ఇనుపఖనిజం ఓడ ఒకటి మెల్లగా రేవుకు వస్తూ.

"మళ్లీ ఆడవా?" అన్నాను.

"ముడి సరిచేస్తే ఆడతా. చెయ్యకపోతే అది అక్కడే ఆరిపోయి ఉంటుంది. నా అరవై గంటలు నావి, వాటినెవడూ తీసుకోలేడు." సొరుగు తెరిచి కాగితమూ కలమూ తెచ్చి నా ముందు పెట్టింది. "కాఫీ చల్లారకముందు మొదలుపెట్టు. ఈసారి నేను చెబుతా, నువ్వు రాయి. మాటలు మార్చావంటే నీ రెండో చెయ్యి కూడా కట్టేస్తా."

"మార్కు?"

"మార్కూ లేదు, గీర్కూ లేదు. పన్నెండు దీపాలు లెంపి కోస్కెలా వెలిగించిందని రాయి. పదమూడోదాన్ని ఎవరెవరు ఆర్పారో కూడా రాయి. పేర్లతో."

"కర్స్టెన్ పేర్లు ఒప్పుకోదు."

"నీ పేరు ఒప్పుకుంటుంది కదా? దాంతో మొదలుపెట్టు."

కలం తీసుకున్నాను. మొదటి పేరు నాదే రాశాను, పూర్తిగా, ఇన్‌స్పెక్టరు ముద్ర కింద సంతకం చేసినట్టు స్పష్టంగా. ఆమె నా భుజం మీదుగా వంగి చూసింది.

"ఊఁ," అంది. "తర్వాత?"